ఐదింటిలోపు బాపట్ల

భట్టిప్రోలు ఆటో దిగి ఆ తల్లీకూతుళ్లు నా షాపులోకి వచ్చేసరికి నాలుగూ పది అయింది. కూతురు బిందు నిన్న నేనిచ్చిన ప్రింటు కాగితం తీసి నా టీ గ్లాసు పక్కన పెట్టింది. ఇంజనీరింగు కౌన్సెలింగు ఆప్షన్ల కాగితం అది. ఒకటో నంబరు తెనాలి, కంప్యూటర్సు. ఎనిమిదో నంబరు బాపట్ల, వ్యవసాయ ఇంజనీరింగు.

"నేను మొదట బాపట్లే చెప్పాను కదండీ బాబాయ్‌గారూ" అంది. గొంతేమీ పెంచలేదు. పెంచి ఉంటే నేనూ ఒంటికాలి మీద లేచేవాణ్ణి.

చెప్పిన మాట నిజమే. నేనే చెవిన వేసుకోలేదు. రేపల్లె స్టేషను ఎదుట ఇరవై రెండేళ్లుగా ఇంటర్నెట్ సెంటరు నడుపుతున్న ఈ సంజీవరావు ఆడపిల్లల ఆప్షన్లన్నీ రైలు చూసే పెడతాడు. బాపట్లకు ఇక్కణ్ణుంచి నేరుగా రైలు లేదు. తెనాలికుంది, చీకటి పడకముందే పిల్ల ఇంటికి వస్తుంది, తల్లిదండ్రులు సంతోషిస్తారు. అడగాలన్న ఆలోచన రావడం ఎప్పుడో మానేసింది. నిన్న కూడా ఆ పిల్ల ఒకటి చెబుతుంటే నా చేతులు ఇంకొకటి పెట్టుకుపోయాయి.

"మార్చేద్దాం, దానికేం?" అన్నాను. "టైము ఎంతవరకు?"

"ఐదింటికి మూసేస్తారండి. ఇంక మార్చుకోనివ్వరు."

"పొద్దున మా పక్కింటివాళ్ల ఫోన్లో చూద్దామంటే పాస్‌వర్డ్ అడిగిందంట అన్నయ్యగారూ" అంది తల్లి సామ్రాజ్యం. "అది మీ కంప్యూటరుకే తెలుసంట కదా!"

అదీ నిజమే. ఇక్కడ సగం మంది పాస్‌వర్డ్‌లు నా కంప్యూటరుకే తెలుసు. మనిషి ఎదురుగా కూర్చుంటాడు, నేను ఏదో ఒకటి కొట్టి బ్రౌజరులో సేవ్ చేసేస్తాను. వాళ్లూ అడగరు, నేనూ రాసివ్వను. ఫోన్ నంబరు అడిగిన చోట నా నంబరే ఇస్తాను. వాళ్లకు శ్రమ తప్పుతుందని అందరితో అంటాను కానీ, అలా అయితే మళ్లీ నా దగ్గరికే రావాలన్న సంగతి నాకు బాగా తెలుసు.

కౌన్సెలింగు సైటు నొక్కాను. తెల్ల పేజీ వచ్చి అలాగే నిలబడిపోయింది. మళ్లీ నొక్కాను. నాలుగుసార్లు నొక్కాను. మధ్యలో సున్నా ఒకటి తిరుగుతోంది తప్ప అడుగు ముందుకు పడలేదు. ఏడాదిగా ఇదే వరస. పేజీ వచ్చేలోపు నేను టీ తాగి వస్తుంటాను, జనం కూడా అలవాటుపడ్డారు.

"ఊరికే నొక్కకండి బాబాయ్‌గారూ" అంది బిందు. "అది ఆలస్యంగా చేస్తుంది కానీ మీరు నొక్కినవన్నీ గుర్తుపెట్టుకుంటుంది. అన్నీ వరసగా చేస్తుంది."

నాకు చెప్పొచ్చావా అని నోటిదాకా వచ్చింది. అంతలో తెల్ల పేజీ పోయి అదే సైటు నాలుగు చోట్ల తెరుచుకుంది. నాలుగూ ఖాళీగానే ఉన్నాయి. గోడ గడియారం నాలుగూ ఇరవై మూడు చూపిస్తోంది.

ఫోన్లో ప్రయత్నిద్దామన్నా పాస్‌వర్డ్ లేదు. పక్క వీధి సెంటరుకు వెళ్లినా అదే గొడవ. పిల్ల ముఖం చూశాను. భయం దాచుకోవడానికి పళ్లు బిగపట్టుకుని కూర్చుంది. పదో తరగతిలో ఉండగా బడివాళ్లు బాపట్ల తీసుకెళ్లి నాట్లు వేసే మిషను చూపించారట. అప్పట్నుంచీ దీనికి ఇంకో ధ్యాస లేదని నిన్న సామ్రాజ్యమే చెప్పింది. పొద్దున్నుంచి సాయంత్రందాకా నడుం వంచి నాట్లు వేసి వచ్చే మనిషి ఆవిడ. ఆ మాట కూడా నేను నిన్న సగమే విన్నాను.

"పైన ఇన్ని ట్యాబులు ఎందుకండీ? ముందు అవి మూసేయండి" అంది బిందు.

నా బ్రౌజరు నెత్తిన యాభైకి పైగా ట్యాబులున్నాయి. ఒక్కొక్కటీ ఒక్కొక్కరి సగంలో ఆగిన పని. కాగితం తెస్తామని వెళ్లినవాళ్లవి, ఫోటో బాగాలేదని తిరిగి వెళ్లినవాళ్లవి. మూస్తే మళ్లీ మొదట్నుంచి నింపాలి.

"అందులో నా పెన్షను కాగితం కూడా ఉందయ్యోయ్!" అన్నారు వెనక బల్ల మీద కూర్చున్న సుందరయ్య మాస్టారు. రిటైరైన మనిషి. మధ్యాహ్నం నుంచి వంతు కోసం చూస్తున్నారు.

"మీ కాగితానికి ఇంకా పదిహేను రోజులుంది మాస్టారూ. ఈ పిల్లకి అరగంటే ఉంది" అని మూసేశాను. ఒక్కొక్కటీ మూస్తుంటే ఎవరో ఒకరు గుర్తొస్తూనే ఉన్నారు. తర్వాత పైన అతుక్కుపోయి ఉన్న చిల్లర మల్లర సరుకంతా ఆ పిల్ల ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపిస్తుంటే తీసేశాను. ఆఫర్లు చెప్పేదొకటి, వాతావరణం చెప్పేదొకటి. ఎప్పుడు వచ్చి చేరాయో నాకే తెలియదు.

సైటు కాస్త కదిలింది. పైన బొమ్మ వచ్చి ఆగిపోయింది. నాలుగూ ముప్ఫై ఆరు.

"ఇన్నేళ్ల పాత సరుకు లోపల పేరుకుపోయి ఉంటుందండి. అది క్లియర్ చేసేద్దాం."

నేను మౌజు వెనక్కి లాగేశాను. "వద్దు. పాస్‌వర్డ్‌లు పోతాయి!"

"పోవండి. దాని ఎదురుగా ఉన్న టిక్కు ఒక్కటి తీసేస్తే చాలు."

ఆ క్లియర్ చేసే పెట్టె తెరిచాను. ఏమేం తుడవాలో వరసగా ఉన్నాయి, అన్నింటికీ టిక్కులున్నాయి. పాస్‌వర్డ్‌ల టిక్కు మీద నొక్కాను. పోలేదు. బయట తెనాలి బండి కూత వేసింది. సామ్రాజ్యం గడియారం వంక చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్లీ నొక్కాను. టిక్కు పోయింది. హమ్మయ్య అనుకుని కింద క్లియర్ అన్న చోట నొక్కేశాను.

వేలు తీసేలోపే, ఆ పోయిన టిక్కు నా కళ్లముందే తిరిగొచ్చి కూర్చుంది. మొదటి నొక్కుకి పోయింది, రెండో నొక్కుకి వచ్చింది. మూడోది నేనే నొక్కాను, క్లియర్ మీద. ఏ ఒక్కటీ మరచిపోకుండా అన్నీ వరసగా చేసింది.

పాస్‌వర్డ్‌లతో సహా అన్నీ తుడిచేసి పెట్టె మూసుకుంది. బ్రౌజరు ఊపిరి పోసుకున్నట్టు తేలికపడింది. కౌన్సెలింగు సైటు రెప్పపాటులో వచ్చి నిలబడి పాస్‌వర్డ్ అడిగింది. ఏడాదిగా అంత వేగం నేను చూడలేదు. చూసి సంతోషించే స్థితిలో లేను.

"కొట్టండి అన్నయ్యగారూ" అంది సామ్రాజ్యం ఆశగా.

ఇరవై రెండేళ్లుగా ఊరి గుట్టంతా నా దగ్గరుందని మీసం మెలేసిన మనిషిని. ఇప్పుడు ఒక్క అక్షరం తెలియదు. "నాకూ తెలియదమ్మా" అన్నాను. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

తల్లి కూతురి భుజం పట్టుకుంది. కూతురు మాత్రం ముందుకు వంగింది. "మర్చిపోయాను అని నొక్కండి. ఓటీపీ వస్తుంది. ఏ నంబరిచ్చారు?"

"నాదే."

నొక్కాను. జేబులో ఫోను కిక్కురుమనలేదు. అర నిమిషం గడిచింది. నాలుగూ నలభై నాలుగు. నా వేలు మళ్లీ నొక్కడానికి పోతుంటే బిందు నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. తన వేళ్లు చల్లగా ఉన్నాయి.

"రెండోసారి నొక్కితే మొదట వచ్చేది పనికిరాదండి. ఆగండి."

ఆగాను. జీవితంలో అంత కష్టపడి ఆగింది లేదు. మాస్టారు కూడా బల్ల దిగి వచ్చి మా వెనక నిలబడ్డారు. నలుగురం నా జేబు వంకే చూస్తున్నాం. నాలుగూ నలభై ఆరుకి ఫోను మోగింది. అంకెలు చదివాను, ఆ పిల్ల కొట్టింది. కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమని పేజీ వచ్చింది.

అలవాటు కొద్దీ కీబోర్డు నా వైపు లాక్కోబోయాను. ఆ పిల్ల నా వంక చూసింది అంతే. నిన్న కూడా బాపట్ల అని చెప్పి ఇలాగే చూసి ఉంటుంది.

కీబోర్డు తన ముందుకు తోసి, నా కుర్చీని గోడ వైపు తిప్పేశాను. "నువ్వే పెట్టుకో. మీ అమ్మకైనా చెప్పు కానీ నాకు చెప్పకు. ముందు ఆ నంబరు మార్చి మీ అమ్మది పెట్టు."

గోడ మీద నిరుటి క్యాలెండరు ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. వెనక కీబోర్డు టకటకమని ఆగింది, మళ్లీ టకటకమంది. సామ్రాజ్యం బటన్ ఫోన్ కుయ్యిమంది. "అమ్మా, అంకెలు చూపించు" అంది బిందు. తర్వాత చాలాసేపు మౌజు చప్పుడు ఒక్కటే వినిపించింది. ప్రతిసారీ ఒక్క నొక్కే.

"ఆప్షన్లు ఫ్రీజ్ అయ్యాయండి, ఇంక మారవు" అంది. నాలుగూ యాభై ఆరు.

"సరిగ్గా చూశావా?"

"ఒకసారి బయటికొచ్చి మళ్లీ లోపలికెళ్లి చూస్తానండి."

ఈసారి నా కుర్చీ తిప్పే అవసరం లేకపోయింది, గోడ వైపే ఉంది. పాస్‌వర్డ్ కొట్టడం అయ్యాక తల తిప్పి చూశాను. ఒకటో నంబరు బాపట్ల. సామ్రాజ్యానికి చదువు రాదు. అయినా తెర మీద కూతురు వేలు పెట్టిన చోటే చూస్తూ ఉండిపోయింది. సీటు వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. ఆ పిల్ల అడిగింది మాత్రం ఆ పిల్ల అడిగినట్టే ఉంది. నా కళ్లు చెమర్చాయి, దాచుకోను.

తెర మూల చిన్న పెట్టె ఒకటి వచ్చింది. ఈ పాస్‌వర్డ్ గుర్తుంచుకోమంటారా అని అడుగుతోంది. బిందు మౌజు మీద చెయ్యి పెట్టి నా వంక చూసింది.

"వద్దని నొక్కమ్మా" అన్నాను. "ఒక్కసారే నొక్కు."