బియ్యం గదిలో పంపు

"నలుగురు ఉబ్బసం పిల్లలకి రెండేసిసార్లు మందు పంపు పీల్పించడం కూడా ఒక పనేనా పంచఫులా? కిచిడీ ఉడికేలోపు అయిపోదూ!" అన్నాడు మా హెడ్మాస్టర్ బోర్కర్ సర్.

అయిపోదు. ప్రార్థన అవగానే ఒక్కొక్కళ్ళనీ పట్టుకుని నిలబెట్టాలి, పంపు ఊపాలి, పీల్చి ఊపిరి బిగబట్టమనాలి, ఆఖర్న నోరు కడిగించాలి. ఆయాసం లేని రోజు కూడా మానకూడదు, అసలు మందు పనిచేసేదే అలా అని ఆ పంపులిచ్చిన డాక్టరమ్మ వందసార్లు చెప్పింది. చంద్రపూర్ బొగ్గు దుమ్ములో పుట్టిన పిల్లలాయె. బడివాళ్ళు నాకిచ్చే జీతం వంటకి. దీనికి మాత్రం "నువ్వూ తల్లివేగా" అన్న మాటొక్కటే.

అయిదో పిల్ల ఒకతి ఉంది. పంపుల రిజిస్టర్లో దాని పేరు లేదు. అది నా కూతురు ఆచల్. దాని పంపుని మా ఆయన గజానన్ జూన్‌లో చెప్పుకాలితో తొక్కి నుగ్గు చేశాడు. అడ్డం పెట్టిన నా చెయ్యీ ఆ చెప్పు కిందే నలిగింది. "పంపు పీల్చే పిల్లని ఎవడు చేసుకుంటాడే?" అంది మా అత్త, నా వేళ్ళ వంక చూడనైనా చూడకుండా. డాక్టరమ్మ ఇంకొకటి ఇస్తే బడిలో బియ్యం గదిలో దాచి, మిగతా నలుగురూ వెళ్ళాక దానికి పీల్పించేదాన్ని.

నాలుగు నెలలకి పిల్ల తాడాట ఆడింది. ఈయనగారు పాన్ దుకాణం దగ్గర మీసం తిప్పాడు. "పంపు మానిపించా, గుర్రంలా పరిగెడుతోంది! మా అమ్మ మిరియాల తేనె మహిమ!" ఆ మాట విన్నప్పుడల్లా చేతిలో గరిటె ఆ నోటి మీద దింపాలని ఒళ్ళు మండిపోయేది. పళ్ళు రాలే చప్పుడు కూడా ఊహించుకునేదాన్ని. కానీ నిజం చెబితే రెండో పంపూ పోతుంది. నా పిల్ల బాగుంది కదా, నోరు మూసుకుందాం అనుకున్నాను. నా బుద్ధి కాల్చా!

ఆ కబుర్లు నమ్మి, నా నలుగురిలో ఒకతైన పాయల్ వాళ్ళ నాన్న బడిలో తన కూతురికి పంపు మానిపించాడు. నేను బతిమాలితే, "గజానన్ అన్న కంటే నీకెక్కువ తెలుసా?" అని నవ్వాడు. మూడు వారాలు గడిచాయి. నిన్న ప్రార్థన వరసలోనే పాయల్ కుప్పకూలింది. పెదాలు నీలం తిరిగాయి. ఆటోలో నా ఒళ్ళో గిలగిల కొట్టుకుంటూ, గాలి కోసం నా మెడ రక్కేసింది. ఇప్పుడు ఆస్పత్రిలో ముక్కుకి గొట్టంతో ఉంది.

ఇవాళ పొద్దున తండ్రులందరూ బడి మీదికొచ్చారు. ముందు నా మొగుడు. "ఆ పంపుల వల్లే పిల్ల చావబోయింది! తగలబెట్టండి!" అని అరుస్తున్నాడు. బోర్కర్ సర్ చెమట తుడుచుకుంటూ, "తీసుకెళ్ళండి నాయనా, అంతా ఈవిడే చూస్తుంది" అని నన్ను చూపించాడు.

పంపులున్న పెట్టెని గుండెలకి హత్తుకున్నాను. "పాయల్ పడిపోయింది పంపు మానేసి. మా ఆచల్ రోజూ పీలుస్తోంది కాబట్టే పరిగెడుతోంది. ఇచ్చేది నేనే" అన్నాను.

గజానన్ పిడికిలి నా దవడ మీద పడింది. మళ్ళీ పడింది. నేలకి ఒరిగినా పెట్టె వదల్లేదు. మూడోసారి వంగినప్పుడు పక్కనున్న కిచిడీ గరిటె అందుకుని వాడి మణికట్టు మీద ఒక్కటి వేశాను. ఎముక చప్పుడు అందరికీ వినిపించింది. కెవ్వుమని చెయ్యి పట్టుకుని కూలబడ్డాడు. నాకు జాలి కలగలేదు. నిజంగా కలగలేదు.

"ఆచల్, ఇలా రా."

వచ్చింది. వాళ్ళ నాన్న ఎదుటే పంపు నోట్లో పెట్టుకుని పీల్చింది. పాయల్ వాళ్ళ నాన్న గోడకి ఆనుకుని ఏడుస్తున్నాడు. పంపు తర్వాత నోరు పుక్కిలించాలి కదా, కుళాయి దగ్గర దానితోపాటు నేనూ పుక్కిలించాను. అది ఉమ్మినవి ఉత్త నీళ్ళు. నావి ఎర్రగా ఉన్నాయి.

"ఇంటికి రా, నరికి పోగులు పెడతా" అన్నాడు గజానన్ కింద నుంచే.

"రాను" అన్నాను. పెట్టె చంకన పెట్టుకుని, మిగతా పిల్లల్ని వరసలో నిలబడమన్నాను.