బోర్లించిన పళ్లెం

శనివారంనాడు శాంతయ్య పళ్లెం బోర్లించి ఉంటుందన్న సంగతి తెలకపల్లి వృద్ధుల సంఘంలో అందరికీ తెలుసు. వంటమనిషి లింగమ్మ పంక్తి వెంబడి అన్నపు గిన్నె పట్టుకొని వస్తూ, ఆయన ముందుకు రాగానే పళ్లెం వైపు ఒక చూపు చూసి దాటిపోతుంది. అన్నానికి 'వద్దు' అన్న మాట నోట రాకూడదు. పంక్తిలో కూర్చున్నవాడు తక్కినవారు చేతులు కడిగేదాకా లేవకూడదు. ఈ రెండు మర్యాదలకూ భంగం రాకుండా అక్కడి ఉపవాసులు పాటించే పద్ధతి అది. పళ్లెం బోర్లించి, దానిమీద కుడి అరచెయ్యి ఆనించి, శాంతయ్య వాకిలి వైపు చూస్తూ కూర్చునేవాడు. పొద్దు గూకి దేవుని ముందు దీపం వెలిగిన తరువాతనే ఇంట్లో ఆయనకు ముద్ద.

ఆ ఒక్కపొద్దు ఎవరికోసమో తెలిసిన మనిషి ఒక్కతే, భార్య జోగులమ్మ. ఆమె కాలం చేసింది. కడుపులు నిలవక నిలవక చివరికి నిలిచిన కొడుకు, నడక నేర్చే ప్రాయంలో జ్వరమొచ్చి కళ్లు తేలవేస్తే, పాలమూరు దవాఖానలో ఇంటికి తీసుకుపొమ్మన్నారు. శాంతయ్య బిడ్డను భార్య ఒడిలో ఉంచి, కట్టుబట్టలతో కురుమూర్తి కొండకు నడిచిపోయి, స్వామి మెట్టుకు నుదురు ఆనించి మాట ఇచ్చాడు. వీణ్ణి నాకు విడిచిపెట్టు తండ్రీ. నేనున్నన్నాళ్లూ శనివారం పగటి అన్నం నీది.

బిడ్డ బతికాడు. స్వామి పేరే వాడి పేరయింది. ఎవరి ప్రాణానికి మొక్కుకుంటామో వాళ్ల చెవిన ఆ మొక్కు పడరాదన్నది ఆ ఇంటి పెద్దలనాటి నమ్మకం. చెప్పడమంటే, ఇచ్చినదాన్ని తిరిగి తీసుకొమ్మని స్వామిని పిలవడమే. కనుక తండ్రి శనివారాలు ఉంటాడని కురుమూర్తికి తెలుసు గాని, ఆ శనివారాలన్నీ తన ఊపిరికి కాపలా కాస్తున్నాయని తెలియదు.

ఇప్పుడు కురుమూర్తి ఒక ప్రైవేటు బడి వ్యాను నడుపుతాడు. పొద్దున పిల్లలను బడిలో దించి తండ్రిని సంఘం వాకిట విడిచిపోతాడు. సాయంత్రం పిల్లలందరూ ఇళ్లు చేరాక వచ్చి, హారను కొట్టి, "పెద్దసారూ, బడి విడిచిన్రు, రావాలె" అంటాడు. ముసలివాళ్లంతా నవ్వేవారు. కోడలు మాధవి కూలికి పోతుంది. ఒక్కడే గోడలు చూస్తూ కూర్చోవడం కంటె నలుగురికి పురాణం చదివి వినిపించడం మేలని శాంతయ్యే కోరి అక్కడికి వస్తున్నాడు.

ఒకానొక శనివారం నాగర్‌కర్నూలు నుంచి డిగ్రీ పిల్లలు వచ్చారు. ఏదైనా సేవాసంఘానికి పనికివచ్చే చిన్న సినిమా తీసి చూపితేనే వాళ్లకు మార్కులట. సంఘం కార్యదర్శి ఆశీర్వాదం సారు సంబరపడి, ఏది కావాలంటే అది తీసుకొమ్మన్నాడు. కెమెరా పట్టిన కుర్రవాడు విజయ్. ఏం తియ్యాలో చెప్పే పిల్ల సుమన.

"నన్ను తియ్యకు బిడ్డా," అన్నది లింగమ్మ, గరిటె ముఖానికి అడ్డం పెట్టుకొని. "నా మొకం జూస్తే బియ్యం ఇచ్చేటోల్లు గూడ పారిపోతరు."

"మొకం జూసి పారిపోరు గని వొదినా, నీ పప్పు తాగిచ్చి జూడు," అన్నాడు పక్కన కూర్చున్న బాలన్న. పంక్తి అంతా నవ్వింది.

లింగమ్మ మజ్జిగ కోసం లోపలికి పోయింది. విజయ్ వచ్చి శాంతయ్య ఎదుట మోకాళ్లమీద కూర్చున్నాడు.

"తాతా, నువ్వు తింటలేవేంది?"

శాంతయ్య చిరునవ్వు నవ్వి చూపు తిప్పుకున్నాడు. చేసే వ్రతాన్ని చాటుకుంటే ఫలం చాటింపుతోనే పోతుంది.

"ఆకలైతలేదా?"

"ఆకలెందుకు గాదు బిడ్డా. పానం ఉన్నన్నొద్దులు ఆకలుంటది. ఓర్సుకోవాలె."

"వాకిలి దిక్కే సూస్తున్నవు. ఎవరొస్తరు తాతా?"

"నా కొడుకు. వస్తడు. పిల్లలను దించి పొద్దుగూకినంక వస్తడు."

కుర్రవాడు సుమన వైపు చూశాడు. ఇద్దరూ బోర్లించిన పళ్లెం వైపు చూశారు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంత మెత్తని మనసు తల్లీ నీది అనుకొని, శాంతయ్య లోలోపల ఆమెను దీవించాడు. పళ్లెం ఎందుకు బోర్లించి ఉందో పంక్తిలో ఎవరినడిగినా చెప్పేవారే. పొద్దు తూర్పున పొడుస్తుందని చెప్పనక్కరలేనట్టే అదీ చెప్పనక్కరలేని విషయమని వాళ్లనుకున్నారు. చూసినది చాలు, అడగనక్కరలేదని పిల్లలనుకున్నారు.

కొన్నాళ్లకు ఆ పిల్లలే ఆ సినిమా తెచ్చి, గోడకు తెల్ల దుప్పటి కట్టి చూపించారు. కాలేజీలో దానికి మొదటి బహుమతి వచ్చిందట. అప్పటికే ఫోన్లలో జిల్లా అంతా తిరుగుతున్నదట. ఊరి పెద్దలు కొందరు ముందు కుర్చీలలో కూర్చున్నారు. దుప్పటిమీద మొదట కనబడినది ఒక చెయ్యి. నరాలు తేలిన ముసలి చెయ్యి, దాని కింద బోర్లించిన పళ్లెం. ఎక్కడో పిల్లనగ్రోవి ఏడుస్తున్నది. లింగమ్మ గరిటె లేదు, బాలన్న పరిహాసం లేదు, పంక్తి నవ్వు లేదు. తన గొంతు తనకే పరాయిదై వినిపించింది. "ఆకలెందుకు గాదు బిడ్డా... ఓర్సుకోవాలె... నా కొడుకు. వస్తడు." అక్కడితో మాట తెగిపోయింది. పిల్లలను దించడమూ పొద్దు గూకడమూ ఎవరి కత్తెరకో పోయాయి. అటుపై సుమన గొంతు పలికింది: "కన్నకొడుకు ఒక్క ముద్ద పెడతాడని ఈ తండ్రి ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు."

ముందు కుర్చీలు చప్పట్లు కొట్టాయి. "ఓ పిల్లా, అది ఒక్కపొద్దు గదనే," అన్న బాలన్న మాట ఆ చప్పట్లలో మునిగిపోయింది.

జనం పలచబడ్డాక శాంతయ్య సుమన దగ్గరికి పోయాడు.

"అమ్మా, నా కొడుకు నాకు బువ్వ పెడ్తడు. మీరు వచ్చిననాడు శనివారం. నేను ఒక్కపొద్దుంటి."

"మరి విజయ్ అడిగితే చెప్పకపోతివి తాతా?"

"మొక్కు నోటితోని చెప్పుకుంటరా బిడ్డా?"

ఆమె పరుగున పోయి ఆశీర్వాదం సారును తీసుకువచ్చింది. ఆయన సంగతంతా విని, శాంతయ్య భుజం మీద చెయ్యి వేసి, పక్కకు తీసుకుపోయాడు.

"పెద్దాయనా, తప్పు జరిగింది, కాదన. కని ఈ సినిమా చూసినంకనే హైదరాబాదుల ఒకాయన ఏడాది బియ్యం పంపుత అన్నడు. లేకుంటే దసరా దాటినంక మన పొయ్యి ఆరిపోతుండె. ఇది అబద్ధమని ఇప్పుడు నేనే చెప్తే ఆయన ఏమనుకుంటడు? ఇంతమంది నోటికాడి బువ్వ తియ్యమంటవా, నువ్వే చెప్పు."

ఆ పంక్తిలో సంఘం మెతుకు తప్ప వేరే మెతుకు ఎరుగనివాళ్లు ఎందరున్నారో శాంతయ్యకు తెలుసు.

"మేం తీసేసినా పోదు తాతా," అన్నాడు విజయ్, తల వంచుకొని. "అందరి ఫోన్లల్లకు పోయింది. నిజం చెప్పి ఇంకోటి తీస్తం." తీశారు కూడా. దాన్ని చూసినవారు లేరు. ఏడిపించిన దాన్ని పదిమందికి పంపిన వేలు, ఏడవనక్కరలేదని చెప్పినదాన్ని ఒక్కరికీ పంపలేదు.

ఆ తరువాత ఒక సాయంత్రం హారను మోగలేదు. వ్యాను వచ్చి వాకిట ఆగింది, అంతే. శాంతయ్య ఎక్కి కూర్చున్నాడు. చాలా దూరం పోయాక కురుమూర్తి రోడ్డు మీది చూపు తిప్పకుండా అన్నాడు:

"ఇయ్యాల ఒకామె పిల్లగాన్ని ఎక్కియ్యలే నాయినా. అయ్యకు బువ్వ పెట్టనోడు మా పిల్లలను ఏం సూస్తడు అన్నది."

"నేను అట్ల అనలే కొడకా."

"నువ్వు అనలేదని నాకు తెల్వదా?"

రోజురోజుకూ వ్యానులో సీట్లు ఖాళీ అవుతూ వచ్చాయి.

వచ్చిన శనివారం పంక్తి కూర్చుని ఉండగా, రాకూడని వేళ కురుమూర్తి వచ్చాడు. చేతిలో మాధవి పొద్దున్నే వండి ఇచ్చిన టిఫిను గిన్నె. తండ్రి ఎదుట గొంతుక్కూర్చొని, పళ్లెం మీది అరచేతిని మెల్లగా ఎత్తి పక్కన పెట్టి, పళ్లెం వెల్లకిల తిప్పాడు. పంక్తిలో నములుతున్న నోళ్లు ఆగిపోయాయి.

"ఏం జేస్తున్నవు కొడకా?"

"బువ్వ పెడ్తున్న. అందరు సూడాలె."

"ఇయ్యాల శనివారం రా."

"నాకు తెల్సు. నీకు తెల్సు. ఈ పంక్తికి తెల్సు. ఫోన్లల్ల సూసినోల్లకు తెల్వదు." కురుమూర్తి అన్నం పెట్టి పప్పు పోశాడు. "నిన్ను సాదుతున్నట్టు సూపియ్యనీకి మా బడి సారు బువ్వ యాల్ల దాంక టైం ఇచ్చిండు. నువ్వు తింటుంటే తీసి పంపుత. గంతే నాయినా, ఇంకేం అడగ."

"రేపు తింట. నువ్వెంత పెడితే గంత తింట. రేపు తియ్యి."

"రేపటికి బండి నా చేతిల ఉండది."

"నోటితోని చెప్త, తియ్యి. నా కొడుకు బంగారమని చెప్త."

"చెప్పినవు గద నాయినా ఆ పిల్లగానికి? మాటలనైతే కోస్తరు. తినుడును ఎట్ల కోస్తరు?"

శాంతయ్య చేతులు ఒడిలో ముడుచుకున్నాడు. "స్వామికి మాటిచ్చిన అయ్యా."

"ఏం మాట?" కురుమూర్తి గొంతు పెరగలేదు, కుంగింది. "నాకు తెలివొచ్చినకాంచి సూస్తున్న. ఎందుకుంటవో ఒక్కనాడన్న చెప్పినవా? నా ఇల్లు గడిచే దానికంటె పెద్దదా అది?"

నాలుక చివరకు వచ్చింది. నీకోసమేరా, నీ ఊపిరి కోసమేరా. ఆ ఒక్క మాటతో కొడుకు కాళ్ల మీద పడతాడు. గిన్నె మూసుకొని లేచిపోతాడు. కాని ఆ మాట వాడి చెవిన పడకూడదు. శాంతయ్య కొడుకు మెడ వైపు చూశాడు. చెవి కింద నరం కొట్టుకుంటున్నది. నాడు జోగులమ్మ ఒడిలో అది ఆగి ఆగి కొట్టుకున్నది. తింటే వ్రతభంగం, ఆ దోషం తనది. చెబితే మొక్కు బయటపడుతుంది. ఆ కీడు వాడిది. తూచడానికి అంతకంటె ఏమున్నది? దోషమేదో నాకే తగలనీ స్వామీ అనుకొని, ముద్ద కలిపాడు.

నోట పెట్టుకోగానే కళ్ల నీళ్లు కారి గడ్డంలోకి పోయాయి. కురుమూర్తి ఫోను కొంతసేపు పట్టుకొని, దించి, తీసినది చూసుకున్నాడు.

"ఏడుస్తున్నట్టు పడ్డది నాయినా. ఇట్ల పంపితే ఇంక పరేషాన్ అయితది." వాడి ముఖం చూడలేనట్టున్నది. "ఇంకోపారి తిను. జర నగు."

లింగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వంటింట్లోకి పోయింది. ఎప్పుడూ ఏదో ఒకటి అనే బాలన్న తన పళ్లెంలోకి చూస్తూ కూర్చున్నాడు. శాంతయ్య భుజం మీది కండువాతో ముఖం తుడుచుకొని, రెండవ ముద్ద కలిపి, కొడుకు చేతిలోని ఫోను వైపు చూసి నవ్వాడు.

కురుమూర్తి దాన్ని పంపి, అరుగు మీద కూర్చున్నాడు. పంక్తి లేచి చేతులు కడిగేటప్పటికి జవాబు వచ్చింది. బడి సారు గొంతు, కటువుగా కూడా లేదు. "కురుమూర్తీ, పిల్లల తల్లులకు సూపిచ్చిన. భయం పెట్టి తినిపిచ్చినట్టున్నది, చెయ్యి వణుకుతున్నదంటున్నరు. నేనేం చెయ్యాలె చెప్పు. సాయంత్రం పిల్లలను వేరేటోడు దించుతడు. తాళాలు ఆఫీసుల ఇచ్చిపో."

కురుమూర్తి ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఖాళీ గిన్నె ఎత్తుకొని తండ్రి వైపు చూసి, "నువ్వు మంచిగనే తిన్నవు నాయినా," అన్నాడు. వ్యాను పోయిన చప్పుడు చాలాసేపు శాంతయ్య చెవిలో ఉండిపోయింది. చెయ్యి ఎన్నిమార్లు కడిగినా పప్పు వాసన వదలలేదు. ఆ మధ్యాహ్నం పురాణం విప్పమని ఎవరూ అడగలేదు, ఆయనా విప్పలేదు.

పొద్దు గూకే వేళ కురుమూర్తి నడిచి వచ్చాడు. కాళ్లు మోకాళ్ల దాకా దుమ్ము. వాకిట నిలబడి పిలవబోయి, దగ్గాడు.

"ఏంది కొడకా, దగ్గేంది?"

"ఏం లే. దుమ్ము," అన్నాడు కురుమూర్తి. "నడువు పోదాం."

కొడుకు ముందు నడిచాడు. మళ్లీ దగ్గాడు. ముసలివాడు వాడి వెనుక నడుస్తూ, ఆ దగ్గుకూ తరువాతి ఊపిరికీ నడుమ చెవి ఒగ్గాడు. ఇన్నేళ్లుగా ఆ ఊపిరికి ఉన్న కాపలా ఈ పగటితో లేచిపోయింది. ఇల్లు ఇంకా దూరం ఉన్నది.