నీలి చార

"నేను రానని చెప్పానా లేదా? ఎన్నిసార్లు చెప్పాలి?" అంది హిల్కా, కాఫీ గిన్నె పొయ్యి మీద ఠక్కున పెడుతూ.

"రాకులే. తివాచీలు నేనూ మిన్నా తీసుకెళ్తాం," అన్నాడు మొగుడు వెయిక్కో. "ఏళ్ల తరబడి స్నానాల గదిలో ఉతికి నడుం విరగ్గొట్టుకున్నావు. ఊరంతా ఉతుక్కోడానికి చెరువు రేవుకెళ్తుంటే మనకేం వచ్చింది?"

"ఆ లెంపి మొహం చూడాలా నేను? మా అమ్మ గౌను చింపి పీలికలు చేసిన మనిషిది!"

"పొరపాటున చింపిందమ్మా," అంది కూతురు మిన్నా.

"పొరపాటా? అమ్మ గౌనని తెలిసేలా దానికి తెల్ల కాలరుంది. కళ్లు మూసుకుని చింపిందా?"

అమ్మ చనిపోయిన ఏడాది, ఆమె చర్చికి వేసుకెళ్లే నీలం గౌను ఇస్త్రీ చేయించాలని హిల్కా, పాతబట్టల పీలికలతో తివాచీలు నేసే ఊరి మగ్గాల గదికి తీసుకెళ్లింది. అక్కడున్న ఊరుమ్మడి ఇస్త్రీ యంత్రం ఖాళీ లేదు. సంచీ గుమ్మం పక్కన పెట్టి వచ్చేసింది. గుమ్మం పక్కన ఏది కనిపించినా తివాచీలకిచ్చిన పాతబట్టే అని ఆ ఊరి లెక్క. సాయంత్రానికల్లా గౌను లెంపి మగ్గం మీద తివాచీలో నీలి చారైపోయింది. చిన్నప్పటి నుంచి ఒకే తివాచీకి చెరో కొసా పట్టి పిండిన ఇద్దరికీ ఆనాటితో మాటల్లేవు.

తండ్రీ కూతుళ్లు వెళ్లాక హిల్కాకు గుర్తొచ్చింది, ఎర్ర తివాచీ అంచు వదులైందని చెప్పనే లేదు. విసవిసా చెరువు రేవుకి నడిచింది.

అక్కడ లెంపి తివాచీకి ఒక కొస లెంపి చేతిలో, రెండో కొస మిన్నా చేతిలో! పైగా నీలి చార తివాచీ!

"నా కూతురి చేత పిండిస్తున్నావా? సిగ్గుందా నీకు?"

"నువ్వు రాకపోతే రెండో కొస ఇంకెవరు పట్టుకుంటారే? మూడుసార్లు మీ గుమ్మం ఎక్కాను. తలుపు తియ్యకుండా రేడియో పెంచావు."

"పెంచాను. మళ్లీ వస్తే మళ్లీ పెంచుతా. మా అమ్మని కాళ్ల కింద వేసి తొక్కుతున్నావన్నమాట!"

"మంచం పక్కన వేసుకున్నా. పొద్దున లేచి మొదటి అడుగు దాని మీదే. నా కాళ్లు మంచుగడ్డలని మేజోళ్లు అల్లిచ్చింది మీ అమ్మే కదే. ఇప్పుడూ వెచ్చగానే ఉంచుతోంది."

హిల్కా నోరు తెరిచింది. ఇంతలో మిన్నా చేతిలోంచి తడి తివాచీ జారి చెరువులోకి వాలింది. హిల్కా ఒక్క ఉదుటున కొస పట్టుకుంది. ఇటు హిల్కా, అటు లెంపి మెలిపెట్టారు. ఎవరు ఎటు తిప్పాలో ఒకరినొకరు అడగలేదు.

"గట్టిగా పట్టవే, అన్నం తినలేదా?" అని కసిరింది హిల్కా. నీళ్లు ధారకట్టాయి. నీలం మాత్రం చెక్కుచెదరలేదు.

"చింపేముందు నన్నడగాల్సింది."

"అడగాల్సింది," అంది లెంపి.

రాత్రి భోజనాల దగ్గర హిల్కా బంగాళాదుంపల గిన్నె మొగుడి వైపు జరిపింది.

"శనివారం ఆవిరిస్నానానికి సౌనా పెందలాడే వేడి చెయ్యి. లెంపి వస్తుంది."

వెయిక్కో, మిన్నా మొహమొహాలు చూసుకున్నారు.

"నాకింకా కోపం పోలేదు," అంది హిల్కా నెమ్మదిగా. "అది వేరు."