మూడుతో భాగహారం

విద్యార్థులు చాటుగా ఆయన్ని కత్తెర మాస్టారంటారు. ఎవరి థీసిస్ చేతికిచ్చినా సగానికి సగం కొట్టిపారేస్తారు మరి. అంతటి మనిషి, ఆ ఉదయం తన శిష్యురాలి థీసిస్‌లో నాలుగో అధ్యాయం దగ్గరికొచ్చి పెన్నుకు మూత పెట్టేశారు.

ఆ అధ్యాయమంతా ఇరవయ్యేళ్ల కిందట ఆయన అచ్చేసిన సిద్ధాంతం మీదే నిలబడింది. అదేం బ్రహ్మవిద్య కాదు. ఒక బహుపదిలోని మూడు అక్షరాలనూ ఒకదాని చోట ఒకటి వచ్చేలా మూడుసార్లు గుండ్రంగా తిప్పి, వచ్చినవన్నీ కూడి, ఎన్నిసార్లు తిప్పామో ఆ సంఖ్యతో భాగిస్తే, వచ్చేది ఇక ఎటు తిప్పినా మారదు. ఏ రకం అంకెలకైనా ఇది చెల్లుతుందని మాస్టారు ఢంకా బజాయించి రాశారు. ఈ పిల్లేమో ఆయన పేరు కిందే ఒక షరతు చేర్చింది: మూడు సున్నా కాని చోట.

నేనెప్పుడు రాశానిది అనుకుంటూ కాగితం మీద వేసి చూసుకున్నారు. మూడు రాగానే మళ్లీ సున్నా నుంచి లెక్కపెట్టే అంకెలుంటాయి. అక్కడ మూడుసార్లు తిప్పి మూడుతో భాగించడమంటే సున్నాతో భాగించడమే. మాస్టారు గబగబా థీసిస్ చివరికి తిప్పారు.

చివర పదకొండు పేజీల అనుబంధం. ఆ మిగిలిపోయిన సందర్భాన్ని కొత్త దారిలో సాధించి, పైన 'గురువుగారి పద్ధతిని అనుసరించి' అని రాసింది. అందులో గురువుగారిది ఒక్క ముక్క లేదు. మొదటి పేజీలోని లెక్క మాత్రం ఆయన ఎరిగినదే. మూడేళ్ల కిందట ఆమె ఇదే లెక్క పట్టుకొచ్చి మీ సిద్ధాంతం ఇక్కడ నిలవట్లేదంటే, ముందు కూడికలు నేర్చుకుని రమ్మని అందరి ముందూ కాగితం విసిరికొట్టారు. పాపం, తన లెక్కలో లేని తప్పు కోసం ఏడాదిపాటు వెతుక్కుంది. చదువు మానేస్తానని కూడా అంది.

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఆయనకంటూ పేరు తెచ్చింది ఆ ఒక్క సిద్ధాంతమే.

కబురు పెడితే వచ్చి తలవంచుకు నిలబడింది. ఎందుకు దాచావని అడిగారు.

"మీ పరువు పోతుందని, సార్."

ఆయనకు కోపం ముంచుకొచ్చింది, ఆ వెనకే సిగ్గూ. ఆ సిద్ధాంతం అచ్చయిన గణిత పత్రికకు రాసిన ఉత్తరం ఆమె వైపు తిప్పారు. రెండే వాక్యాలు. నా సిద్ధాంతం తప్పు. నా విద్యార్థిని మూడేళ్ల క్రితమే చెప్పింది, నేను వినలేదు.

రెండోది తీసేయమని ఆమె బతిమాలింది, మొదటిది చాలంది.

"మొదటిది లెక్కలో తప్పమ్మా," అన్నారు మాస్టారు. "రెండోది నేను చేసిన తప్పు."

ఆ పిల్ల కుర్చీలో కూలబడి, మూడేళ్ల ఏడుపూ ఏడ్చేసింది.