ఓక్‌సిల్ ఒప్పుకున్న తప్పులు

ఉత్తర కొరియా నుంచి పారిపోయి దక్షిణ కొరియాలోని ఇంచియాన్‌లో పడి రెండేళ్ళయినా ఓక్‌సిల్‌కి ఒక సంగతి కొరుకుడు పడలేదు. ఇక్కడివాళ్ళదీ కొరియా భాషే, తనదీ కొరియా భాషే. మరి సగం మాటలు బుర్రకెక్కవేం? తను పనిచేసే ఈ నూడుల్స్ హోటల్లోనే చూడండి. నీళ్ళు 'సెల్ఫ్' అట. ఊరికే పెట్టే కుడుములు 'సర్వీస్' అట. ముల్లంగి కిమ్చి 'రీఫిల్' అట. అంతా ఇంగ్లీషువాడి సొమ్ము! తెలియదంటే చులకనైపోతానని అన్నిటికీ తలూపేది. అలా తలూపే మూడు చోట్ల ఉద్యోగం ఊడగొట్టుకుంది. ఇక్కడా మూడు నెలల గడువు ఈ శనివారంతో సరి. ఉంచుకోవడమో పంపేయడమో యజమానురాలు బాంగ్‌గారి ఇష్టం.

ఆ శనివారం మధ్యాహ్నం జనం తగ్గాక బాంగ్‌గారు ఓక్‌సిల్‌నీ, వంట చేసే మల్సున్‌నీ పిలిచి కూర్చోబెట్టింది. ఓక్‌సిల్ పుట్టినచోట శనివారం అందరూ కూడితే ఒకటే పని. లేచి తన తప్పులు చెప్పుకోవాలి, పక్కవాళ్ళ తప్పొకటి ఎత్తిచూపాలి, తర్వాత అందరూ కలిసి దులిపేస్తే అప్పుడు కూర్చోవాలి. ఈ దేశంలో అది లేదనుకుంది. ఉందన్నమాట.

లేచి నిలబడింది. "ఈ వారం పదకొండు మాటలు అర్థంకాకపోయినా అయినట్టు నటించాను. ఒకాయన టేకౌట్ అంటే తలూపి, వంటింట్లో గోడకేసి చూస్తూ నిలబడ్డాను. అది మోసం."

మల్సున్ తింటున్న పుచ్చకాయ ముక్క పక్కన పెట్టేసింది.

"ఇక యజమానిగారి తప్పు. కొత్త మెనూ బోర్డు నిండా ఇంగ్లీషు మాటలే. బుధవారం ఇద్దరు ముసలివాళ్ళు అర్థంకాక లేచిపోయారు. మీరు చూసి కూడా ఊరుకున్నారు."

తిట్ల కోసం ఎదురుచూస్తూ నిలబడింది. ఒక్కళ్ళూ తిట్టరేం? ఏం మనుషులు వీళ్ళు?

"ఇవన్నీ ఎవరడిగారమ్మా నిన్ను?" అంది బాంగ్‌గారు చివరికి. "పుచ్చకాయ కోశాను, తిందురని పిలిచా. ఆ బోర్డు మా అల్లుడు రాయించాడు. సగం నాకూ తెలీదు. అడిగితే ఏమనుకుంటాడోనని నోరు మూసుకున్నా."

"నేను దాని మీది బొమ్మ చూసి వండుతున్నా" అంది మల్సున్.

"మంగళవారం పెందలాడే రా" అంది బాంగ్‌గారు ఓక్‌సిల్‌తో. "ఆ బోర్డు దింపాలి."

"అంటే నన్ను ఉంచుకుంటున్నట్టాండీ?"

"లేకపోతే ఎవరు దింపుతారు? కూర్చో."

ఓక్‌సిల్ కూర్చోలేదు. "ఇంకా నన్నెవరూ తిట్టలేదండీ."

"తిట్టేవాళ్ళెవరూ లేరిక్కడ. కూర్చోమంటుంటే."

తప్పు ఒప్పుకున్నాక తిట్లు పడకుండా కూర్చోవడం నలభై రెండేళ్ళలో ఆమెకిదే మొదలు. భయంభయంగా కుర్చీ అంచున కూర్చుంది. ఏడుపెందుకొస్తోందో ఆమెకే అర్థం కాలేదు.