గోడకు అవతలి బూజు

మా మామయ్య గంగులయ్య గారు భాద్రపదంలో పోయారు. నక్షత్రం మంచిది కాదన్నారు. ధనిష్ఠా పంచకమట. ఆయన పోయిన గదిని కొన్నాళ్లు మూసి ఉంచాలన్నారు. ఎన్నాళ్లో పంతులు గారు మా అత్తమ్మ పెంచలమ్మకే చెప్పారు. ఆరు నెలలని ఆమె మాకు చెప్పి, గదికి తాళం వేసి, చెవి బొడ్లో దోపుకుంది.

కార్తీకంలో మా కొడవలూరు మీద రెండు తుఫాన్లు కురిసి వెళ్లేసరికి ఆ గదికీ మా గదికీ మధ్య గోడ బూజు పట్టి నల్లబడింది. గోడ పక్కనే పడుకునే మా ఐదేళ్ల భానుప్రియకు ఆయాసం పట్టుకుంది. నెల్లూరు డాక్టరమ్మ మందులు రాసి, "ముందు ఇంట్లో బూజు వదిలించండి. లేకుంటే ఎన్ని మందులు వాడినా ఇంతే" అంది.

నాకు తొందరెక్కువ. ఇంటికి రాగానే చీపురు తీసుకుని గోడను బరబరా గీకేశాను. గదంతా నల్లటి పొడి లేచింది. ఆ సాయంత్రం పిల్ల ఊపిరాడక గిలగిల్లాడింది. నా తెలివి తగలెయ్య! పొడిగా గీకకూడదని, తడిపి తుడవాలని డాక్టరమ్మ ఫోన్లో చీవాట్లు పెట్టింది. ఈసారి భానును పొరుగింటికి పంపి, మాస్కు కట్టుకుని, సబ్బునీళ్లతో తుడిచి, ఫ్యాను పెట్టి ఆరబెట్టాను. వారం తిరక్కుండా బూజు మళ్లీ వచ్చింది. రాక ఏం చేస్తుంది? నీళ్లు దిగుతున్నది అవతలి గదిలో.

పుష్యమాసంలో ఒక పొద్దున ఇక ఊరుకోలేక అత్తమ్మ ముందు నిలబడ్డాను.

"తాళం తియ్యండత్తమ్మా."

"గడువు తీరలా. ఇంటికి కీడు జరిగితే ఎవురు పూచీ?"

"కీడు ఎక్కడినుంచో రానక్కర్లేదు. మంచం మీద ఆయాసపడతా ఉండాది చూడండి."

మా ఆయన గిరిబాబు పేపరు వెనక దాక్కున్నాడు. మా ఇద్దరికీ మాటామాటా వస్తే ఆయనకు అదొక్కటే దారి.

లోపల భాను దగ్గింది. ఆగకుండా దగ్గుతూనే ఉంది. అత్తమ్మ కాసేపు వింది. లేచి వెళ్లి తాళం తీసింది.

"పంతులు చెప్పింది మూడు నెలలే. తీరి నెల దాటింది" అంది, మా వైపు చూడకుండా.

నాకు ఒళ్లు మండింది. నెల రోజులు! అడిగేద్దామని వెనకే లోపలికి వెళ్లాను. కిటికీ పైన సన్‌షేడ్ పగిలి గోడంతా చెమ్మ దిగింది. పరుపు, దిండు, కొక్కేనికి వేలాడే మామయ్య చొక్కా, అన్నిటికీ నల్ల బూజే. అత్తమ్మ ఆ చొక్కా తీసి మొహానికి ఆనించుకుంది.

"పీల్చొద్దత్తమ్మా!"

"తలుపు తీస్తే ఆయన వాసన పోతాదనుకున్నానమ్మా" అంది. "మూసిపెడితే ఉంటాదనుకున్నా. ఒట్టి బూజు వాసనే ఉండాది."

నా కోపమంతా ఎటు పోయిందో. ఆమెను పట్టుకుని ఏడ్చేశాను. గిరిబాబు సన్‌షేడ్ బాగుచేయించడానికి మేస్త్రీ కోసం పరిగెత్తాడు. నేను ఇంకో మాస్కు తెచ్చి అత్తమ్మ మొహానికి కట్టాను.

"బిడ్డను పక్కింటికి పంపించు ముందు" అంది.

తర్వాత కిటికీ తెరిచి, దిండును గోతంలో కుక్కి, దాని మీద ఆ చొక్కా వేసి, తనే గోతం మూతి బిగించి కట్టింది.