సంబంధం లేని రెండు సంగతులు

ఆ ఇంట్లో తోటికోడళ్లిద్దరికీ కలిపి ఒకటే పేరు. అది "వాళ్లు". వాళ్లొచ్చారా, వాళ్లు తిన్నారా, గొడుగు వాళ్లు పట్టుకెళ్లారా అని అడిగేది అత్తగారు. పెద్ద కోడలు కళ్లద్దాల షాపులో పని చేసేది, చిన్న కోడలు ఆ పక్క వీధిలో మందుల షాపులో. ఒకే బస్సులో వెళ్లి ఒకే బస్సులో వచ్చేవాళ్లు. ఒకరికి తుమ్మొస్తే ఇంకొకరు రుమాలు తీస్తారని ఇంట్లో మగవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు.

చదువూ అలాగే మొదలైంది. పెళ్లితో ఆగిపోయిన చదువు మళ్లీ మొదలుపెడదామని పెద్దామెకు ఎన్నాళ్లుగానో ఉంది కానీ, నోరు తెరిచి అడిగింది మాత్రం చిన్నామె. ఉద్యోగాలు చేసుకునేవాళ్ల కోసం శనివారం మధ్యాహ్నాలు యూనివర్సిటీలో క్లాసులు పెడతారట, పార్ట్‌టైమ్ డిగ్రీ అట.

"అక్కా, నువ్వొస్తానంటే నేనూ వస్తా."

"నువ్వు వెళ్తానంటే నేను రాకుండా ఉంటానా?"

అంతే, ఇద్దరూ చేరిపోయారు. పట్టా చేతికొచ్చే రోజున ఇద్దరినీ నల్లగౌన్లలో నిలబెట్టి ఫోటో తీయించి హాల్లో పెట్టాలని అత్తగారి కోరిక. అందుకోసం గోడకున్న పాత క్యాలెండరు తీయించేసింది కూడా. మేకు ఖాళీగానే ఉంది.

మొదటి ఏడాది నల్లేరు మీద బండిలా సాగిపోయింది. రెండో ఏడాదిలో సంభావ్యత అనే సబ్జెక్టు వచ్చింది. ఏది జరిగేందుకు ఎంత అవకాశం ఉందో లెక్కకట్టే శాస్త్రం. ఆ మాట వినగానే పెద్దామెకు ఒళ్లు జలదరించింది. రేపేం జరుగుతుందో దేవుడికి ఎరుక అనుకుంటూ పెరిగిన మనిషి ఆమె. ఆ ఎరుకలో పిసరంత మనకూ చూపిస్తారంటే, తలుపు సందులోంచి దేవుడింట్లోకి తొంగి చూసినట్టనిపించింది. చూడొచ్చా, తప్పా? తప్పయితే అంత అందంగా ఎందుకుంది?

క్లాసులో లెక్చరరమ్మ బోర్డు మీద నాణెం బొమ్మ వేసి మాట్లాడుతుంటే, పెద్దామె చూపు కిటికీ వైపు పోయేది. మధ్యాహ్నపు ఎండలో ధూళి కణాలు తేలుతుండేవి. అవన్నీ ఎవరో ఎగరేసిన చిన్న చిన్న నాణేలే అయినట్టు, ఇంకా కింద పడనట్టు, బొమ్మో బొరుసో తేలేవరకు లోకమంతా ఊపిరి బిగబట్టినట్టు అనిపించేది. లెక్కలు ఒంటబట్టడం లేదు కానీ, ఆ క్లాసయ్యాక బస్సెక్కితే కాళ్ల కింద నేల కాస్త దూరంగా ఉన్నట్టుండేది.

"ఎక్కడున్నావక్కా?" అనేది చిన్నామె.

"ఇక్కడే."

"ఇక్కడ నీ చెప్పులు మాత్రమే కనిపిస్తున్నాయి."

మొదటి పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. ఒక ఆఫీసులో ఇద్దరు ఉద్యోగినులు. మొదటామె ఆలస్యంగా వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, రెండో ఆమెకు మూడింట ఒకటి. ఇద్దరూ స్వతంత్రంగా వస్తారు. ఒకే రోజున ఇద్దరికీ ఆలస్యమయ్యే సంభావ్యత ఎంత?

పెద్దామెకు ఆ ఇద్దరూ కళ్లముందు కనిపించారు. బస్టాపులో ఒకామె ఒంటరిగా నిలబడి వీధి మలుపు వైపు చూస్తోంది. స్వతంత్రంగా వస్తారన్నారు. అంటే ఎవరి బలవంతమూ లేదన్నమాట, ఎవరి ఇష్టం వాళ్లది. ఇష్టం ఆమెదైనప్పుడు తోటిమనిషి కోసం ఆగకుండా ఎందుకెక్కేస్తుంది? "మొదటామె ఆలస్యమైతే రెండో ఆమె ఆమె కోసం ఆగుతుంది. కాబట్టి జవాబు నాలుగింట ఒకటి" అని రాసి, కింద రెండు గీతలు కొట్టి మరీ వచ్చింది. మిగిలిన ప్రశ్నల్లోనూ ఎక్కడ స్వతంత్రం కనిపిస్తే అక్కడ ఇదే వరస.

పేపరు చేతికొచ్చినప్పుడు ఆ ప్రశ్న పక్కన పెద్ద సున్నా ఉంది. మొత్తం మీద ఆమె తప్పింది. చిన్నామె బొటాబొటిగా గట్టెక్కింది.

బస్సులో చిన్నామె ఆ జవాబు చదివి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "ఎక్కడో ఆఫీసులో ఆడవాళ్లకు కూడా నువ్వు తోటికోడళ్ల వరస కలిపేశావా?"

"ఆమె ఆగదంటావా?"

"లెక్కల పుస్తకంలో ఆడది అక్కా. ఎవరి కోసమూ ఆగదు."

నవ్వుకున్నారు. ఆ నవ్వు దిగిపోయాక చిన్నామె అసలు సంగతి చెప్పింది. వచ్చే శనివారం దాకా సబ్జెక్టు మార్చుకోవచ్చట. దీని బదులు శిశు వికాసం తీసుకుంటే క్లాసులు హాయిగా ఉంటాయట, పాసవని వాళ్లంటూ లేరట. "ఇద్దరం మారిపోదాం. ఈ గుండెదడ మనకెందుకు? పిల్లల్ని పెంచిన చేతులు మనవి. పరీక్షలో కళ్లు మూసుకుని రాసేస్తాం."

పెద్దామె సరే అనబోయింది. ఎప్పుడూ సరే అనే నోరది. ఆ రోజు ఎందుకో మాట పెదవి దాకా వచ్చి అక్కడే కూర్చుంది.

మర్నాడు షాపులో ఒక పెద్దాయన కళ్లు చూపించుకోవడానికి వచ్చాడు. షాపు యజమానే కళ్లు పరీక్ష చేస్తాడు. పెద్దామె పని అద్దాల మీద కంటిపాప ఎదురుగా వచ్చే చోట గుర్తుగా సిరా చుక్క పెట్టడం, అంచులు అరగదీయడం, ఫ్రేమును వేడి చేసి అందులో అద్దం బిగించడం. చేతి సాయం కావాల్సినప్పుడు లోపలికి వెళ్లి నల్ల అట్టతో ఒక కన్ను మూసి పట్టుకుంటుంది. ఆ పూట అలాగే పట్టుకుంది.

"ఇప్పుడు కనిపిస్తోందా?" అన్నాడు యజమాని.

"రెండో కన్ను కూడా తెరిస్తే ఇంకా బాగా కనిపిస్తుంది బాబూ," అన్నాడు పెద్దాయన.

"రెండూ తెరిస్తే మంచి కన్ను చెడ్డ కన్నుకు అడ్డం పడి కాపాడేస్తుందండి. దేని చూపు ఎంతో తెలీదు. ఒక్కొక్కటీ విడిగా చూశాకే రెండూ కలిపి చూస్తాం."

రోజూ వినే మాటే. ఆ రోజు మాత్రం గదిలో ఎవరో కొత్తగా అన్నట్టు వినిపించింది. చీకటి గదిలో ఎదురుగా అక్షరాలు వెలుగుతున్నాయి. పైన పెద్దవి, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి, చివరి వరస చీమలబారు. తన చేతిలో అట్ట, అట్ట వెనక పెద్దాయన కన్ను. మూసినంత మాత్రాన ఆ కన్ను ఎక్కడికీ పోలేదు. పక్కకన్నుతో తగువూ పెట్టుకోలేదు. కాసేపు లెక్కలోకి రాకుండా ఉందంతే. పెద్దామెకు ఆ చీకట్లో, నీళ్లలో మునిగి ఉన్నట్టు, బయటి చప్పుళ్లన్నీ దూరంగా వినిపించాయి. చెయ్యి దించమని యజమాని రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

మధ్యాహ్నం భోజనం వేళ తన పరీక్ష పేపరు తీసి, ఆ ఇద్దరు ఉద్యోగినులనూ మళ్లీ చూసింది. ఈసారి చెరో వీధిలో నడిపించింది. ఒకామె సంగతి ఇంకొకామెకు తెలియదు. ఒకరి మీద ఒకరికి కోపమేమీ లేదు. నాలుగును మూడుతో హెచ్చవేసింది. పన్నెండింట ఒకటి వచ్చింది. ఆ జవాబు చూస్తే ముద్ద దిగనంత దిగులేసింది. మళ్లీ ఆ దిగులు వెనకే, తెల్లవారుజామున కిటికీ తీసినప్పుడు తగిలే గాలిలాంటిదేదో తగిలింది.

శనివారం క్లాసుకు కాస్త ముందే వెళ్లి లెక్చరరమ్మను కలిసింది.

"దీన్ని నేను వదిలేస్తేనే మంచిదాండీ?"

లెక్చరరమ్మ ఆ సున్నా వేసిన జవాబు మళ్లీ చదివి నవ్వాపుకుంది. "ఒకటి చెప్పనా? మీరు రాసింది పిచ్చి కాదు. ఒకటి జరిగితే ఇంకోటి ఎలా మారుతుందో లెక్కకట్టే పాఠం ముందుంది. మీ మనసు అప్పుడే అక్కడికి వెళ్లిపోయింది. కానీ సంబంధం లేకపోవడమంటే ఏమిటో ముందు పట్టుబడితేనే, ఉన్న సంబంధం ఎంతో కొలవగలం."

"పట్టుబడుతుందంటారా?"

"ఒకేసారి రెండు మూడు సబ్జెక్టులు నెత్తికెత్తుకోకండి. ఈ టర్ముకు ఇదొక్కటే ఉంచుకోండి. రోజూ కాసేపు లెక్కలు చేయండి, తెలియనివి పోగేసుకుని నా దగ్గరకు రండి. ఒక్క సబ్జెక్టే తీసుకునేవాళ్లకు క్లాసు మంగళవారం సాయంత్రాలు. డిగ్రీ ఒక ఏడాది ఆలస్యమవుతుంది, అంతే."

అంతే అంది కానీ, పెద్దామెకు అది అంతే కాదు. ఏడాది ఆలస్యమంటే చిన్నామె ముందు పట్టా పుచ్చుకుంటుంది. ఇకమీద ఒకే బస్సు కాదు, ఒకే రోజు కాదు. సబ్జెక్టులు నమోదు చేసే యూనివర్సిటీ ఆఫీసు వైపు నడుస్తూ, వరండాలో ఎవరూ లేనిచోట ఆగి, కళ్లు మూసుకుంది. తండ్రీ, పొద్దున్నే నీ ముందు నిలబడితే చిన్నదాని పేరూ నా పేరూ ఒక్క ఊపిరిలోనే చెప్పుకుంటాను. నీకు విడివిడిగా వినిపిస్తాయా, కలిసే వినిపిస్తాయా? నీ లెక్కలో సంబంధం లేనివంటూ రెండు ఉంటాయా అసలు? కొమ్మల మీంచి గాలి వీచింది, అది రోజూ వీచేదే.

ఆఫీసులో కంప్యూటర్ల ముందు వరసగా కుర్చీలు. చిన్నామె అప్పటికే ఒకదాంట్లో కూర్చుని, తన సబ్జెక్టు మార్చేసి, ఊపు మీద పెద్దామె పేజీ కూడా తెరిచేసింది.

"రా అక్కా, నీది కూడా కొట్టేస్తున్నా. శిశు వికాసం."

"నాది ఆపు."

"ఏం, పాస్‌వర్డ్ తప్పు కొట్టానా?"

"లేదు. నేను దీన్లోనే ఉంటాను. ఇదొక్కటే తీసుకుంటాను."

చిన్నామె కుర్చీ తిప్పి చూసింది. "నీకు సున్నా వచ్చింది కదక్కా."

"వచ్చింది. నాకు నచ్చింది కూడా."

"సున్నాయా?"

"లెక్క."

చిన్నామె తెరిచిన ఆ పేజీ మూసేసింది. తర్వాత సన్నగా అంది, "నన్నొదిలి వెళ్తున్నావన్నమాట."

"ఒదలడం కాదే. నువ్వు పక్కన ఉన్నన్నాళ్లూ నాకేది వచ్చో ఏది రాదో నాకే తెలీలేదు. కష్టమైన చోట నువ్వు అందించేస్తావు."

"అందిస్తే తప్పా?"

"తప్పని ఎవరన్నారు? ఒక్కసారి అందించకుండా చూడాలనుంది."

"అత్తయ్యకేం చెప్తావు? మేకు ఎదురుచూస్తోంది."

"ముందు నీ ఫోటో పెట్టమంటాను."

"నేనొక్కదాన్నే గోడకి వేలాడాలా? చూసినవాళ్లు నువ్వేమయ్యావో అనుకుంటారు." చిన్నామెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ముక్కు తుడుచుకుని, కుర్చీలోంచి లేచింది. "కూర్చో. నీది నువ్వే కొట్టుకో. అది కూడా అందించొద్దుగా."

పెద్దామె కూర్చుంది. అక్షరాలు వెతుక్కుంటూ, ఒక్కో వేలుతో, తన పేరు తానే కొట్టుకుంది. ఆలస్యమైంది. వెనక నిలబడ్డ చిన్నామె చెయ్యి రెండుసార్లు ముందుకొచ్చి, మళ్లీ వెనక్కి వెళ్లింది.

మొదటి మంగళవారం సాయంత్రం వాన కురిసి వెలిసింది. బస్సు అద్దాల మీద వీధిదీపాలు కరిగి కారుతున్నాయి. పక్క సీటులో ఎవరో తెలియనామె కునికిపాట్లు పడుతోంది. పెద్దామెకు తాను ఎక్కడికి వెళ్తున్నదీ నిజంగా తెలిసినట్టూ, కలలో వెళ్తున్నట్టూ ఉంది. దిగాల్సిన చోట ఎవరూ చెప్పకుండానే దిగింది.

క్లాసు గదిలో అన్నీ కొత్త ముఖాలే. రెండో వరసలో కూర్చుని, పుస్తకం తీసి, సంచీని అలవాటుగా పక్క కుర్చీలో పెట్టింది. తలుపు దగ్గర తడిసిన గొడుగు దులుపుకుంటున్న ఒకాయన లోపలికొచ్చి ఆ కుర్చీ పక్కన ఆగాడు.

"ఎవరైనా వస్తున్నారాండీ?"

పెద్దామె గుమ్మం వైపు ఒకసారి చూసింది. సంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"లేదండి," అంది. "కూర్చోండి."